పట్టాల మధ్య లేని ఖాళీ

హిందీలో వచ్చే సైన్సు టీచర్ల పత్రికకు నేను పంపిన వ్యాసం ఆ రోజు నాలుగింటికి అచ్చుకు వెళ్లాలి. ఇనుము వేడికి సాగుతుందని పిల్లలకు నమ్మకం కలగాలంటే రైలు పట్టాల మధ్య ఖాళీలు చూపించండని అందులో యావద్భారత ఉపాధ్యాయ లోకానికి ఉపదేశించాను. మూడింటికి దాన్ని మా నాన్నకు తెలుగులో వినిపించాను. ఆయన ముప్ఫై ఏళ్లు ట్రాక్ మీద డ్యూటీ చేసిన మనిషి.

"ఏటీ, ఖాళీలా? ఏ లైన్లో సూసేవురా?"

"పుస్తకంలో ఉంది నాన్నా."

"మెయిన్ లైన్లో పట్టాలు అతికేసి ఎన్నేళ్లయిందో! ఇంటెనకే లైనుంది, ఓపాలి ఎళ్లి సూడలేపోయావా మాస్టారూ?"

ఇంటి వెనక లైనుకు కంచె అడ్డం. నాన్నను స్కూటరెక్కించుకుని దగ్గర్లోని ఉస్లాపూర్ స్టేషన్‌కు దూసుకెళ్లాను. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరిదాకా వంగి వంగి చూశాను. వెల్డింగ్ మచ్చలే తప్ప గోరు దూరే సందు లేదు. ఇరవై ఏళ్లుగా నేను చెప్పిన పాఠం పట్టాల మీదే పడి చచ్చింది.

నాలుగింటికి పది నిమిషాలుండగా సంపాదకురాలికి ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను.

"అచ్ఛా. మరి ఎండకు ఆ పట్టాలు ఎందుకు వంగవు? ఇప్పుడే చెప్పండి, లేదంటే మీ పేజీ తీసేస్తాను" అందావిడ.

ఫోన్ నాన్న చేతికిచ్చాను. పట్టాల కింది స్లీపరు దిమ్మెలు, క్లిప్పులు, కంకర కలిసి పట్టాను ఎలా బిగించి పట్టుకుంటాయో ఆయన ఇంజన్ హారన్‌ను మించిన హిందీలో చెబుతుంటే, నేను పక్కన నిలబడి ప్లాట్‌ఫారం టికెట్ వెనక నోట్సు రాసుకున్నాను.