వెండి కప్పు మీద మిగిలిన చోటు

కిర్క్‌బర్న్‌లో ఓగిల్వీల పేరు కంటబడకుండా వంద గజాలు నడవడం కష్టం. వంతెన ఓగిల్వీ వంతెన. వీధి ఓగిల్వీ వీధి. ఉన్నది ఒక్కటే వీధి గనక ఆ పేరుకి పోటీ రాలేదు. చర్చి తూర్పు కిటికీ రంగుటద్దంలో గొర్రెపిల్లను ఎత్తుకున్న కాపరికి ఆర్చిబాల్డ్ ఓగిల్వీ గారి గడ్డమే ఉందనీ, ఆ గొర్రెపిల్ల కూడా వారి మందలోదేననీ మా ఊరివాళ్ల నమ్మకం.

ఆ ఆర్చిబాల్డ్ గారు 1859లో స్కాట్లండ్ నుంచి ఓడలో వచ్చారు. న్యూజీలండ్ దక్షిణపు కొసన, చెట్లన్నీ గాలికి ఒకే వైపు వంగి పెరిగే ఈ నేలను చూసి "అచ్చం మన ఊరిలాగే ఉంది" అని సంబరపడ్డారట. అంటే ఆ రోజు కూడా వాన పడుతోందన్నమాట. గ్లెన్‌ఫారో అని పేరు పెట్టి, పదహారు పొగగొట్టాలతో ఇల్లు కట్టారు.

అదే ఓడలో, కింది అరలో, గ్రిజెల్ అనే వంటమనిషి కూడా వచ్చింది. ఊరి చరిత్ర పుస్తకంలో ఓడ బరువు ఉంది, తెరచాపల లెక్క ఉంది, గ్రిజెల్ లేదు. ఆవిడ మునిమనవరాలు ఎల్స్‌పెత్ బర్నీ గురించే ఈ నాలుగు మాటలూ.

ఎల్స్‌పెత్ ఇరవై అయిదో ఏట గ్లెన్‌ఫారో వంటింట్లో అడుగుపెట్టి, అరవై ఆరో ఏట బయటికొచ్చింది. అంతకు ముందు ఆ వంటిల్లు ఆవిడ తల్లి నాన్‌ది, అంతకు ముందు అమ్మమ్మ ఆగ్నెస్‌ది, మొదట గ్రిజెల్‌ది. ఓగిల్వీల వంశవృక్షం చర్చి గోడకి చట్రంలో వేలాడుతుంది. ఎల్స్‌పెత్ వాళ్లది పిండి డబ్బాలో ఉంటుంది. అది అరచేయంత కర్ర అచ్చు. ముందు వైపు ముళ్లపువ్వు చెక్కి ఉంటుంది. వెనక వైపు వేడి సూదితో కాల్చిన నాలుగు అక్షరాలు, తరానికి ఒకటి.

ఆ అచ్చు షార్ట్‌బ్రెడ్ అనే బిస్కట్‌ది. వెన్న, పంచదార, గోధుమపిండి, అంతే. ఇంత తక్కువ సరుకుతో ఇంత అసూయ పుట్టించే వంటకం భూమ్మీద ఇంకోటి లేదు. మా ఊరి వ్యవసాయ ప్రదర్శనలో గొర్రెలకీ ఎడ్లకీ బహుమతులున్నాయి గానీ, జనం ఊపిరి బిగపట్టేది మాత్రం ఓగిల్వీ కప్పు దగ్గరే. ఆర్చిబాల్డ్ గారి భార్య హెన్రియెట్టా 1894లో ఇచ్చిన వెండి కప్పు అది. గెలిచిన ఇల్లాలి పేరు దాని మీద చెక్కిస్తారు. ఏడాది పాటు కప్పు ఆమె ఇంట్లో ఉంటుంది.

మొదట్లో ఏటేటా హెన్రియెట్టా ఓగిల్వీయే గెలిచింది. తర్వాత కోడలు ఆగస్టా ఓగిల్వీ. ఆ తర్వాత ఆవిడ కోడలు మార్జరీ ఓగిల్వీ ముప్పై ఎనిమిది సార్లు. ఓగిల్వీ ఆడవాళ్ల చేతిలోనే ఆ మహిమ ఉందని చరిత్ర పుస్తకం రాసింది. ఎల్స్‌పెత్‌కి గవదబిళ్లలు లేచిన ఏడు మాత్రం కప్పు విన్నీ లేడ్లాకి పోయింది. ఆ ఏడు మార్జరీ ఓగిల్వీ ఆరోగ్యం దివ్యంగా ఉంది.

దీన్నించి ఏం తేలుతుందో ఊళ్లో పసిపిల్లకీ తెలుసు. నూట పద్దెనిమిదేళ్లుగా ఎవరూ పైకి అనలేదు, అంతే. పిండి కలిపేది వంటమనిషి, చీటీ మీద పేరు రాసేది కూడా ఆవిడే, చప్పట్లకి తల పంకించేది ఇంటావిడ. మా స్కాటిష్ వాళ్లకి అబద్ధం ఆడటం పాపం. నిజం నోరు తెరిచి చెప్పడం మర్యాద తక్కువ. ఈ రెంటి మధ్యా ఉన్న సన్నటి దారిలోనే మేమంతా బతుకుతాం.

ఎల్స్‌పెత్ పని మానేసే ముందు ఆఖరి శనివారం అలవాటుగా ఆ కప్పు తోముతూ ఓ సంగతి గమనించింది. వెండి మీద ఇంకొక్క పేరుకే చోటు ఉంది.

ఆ సాయంత్రం భర్త వాల్టర్‌తో చెప్పింది. వాల్టర్ గొర్రెల ఉన్ని కత్తిరించే మనిషి; మాటలు కూడా పొట్టిగానే కత్తిరిస్తాడు.

"ఈసారి నా పేరు మీద పెడదామనుకుంటున్నా" అంది.

"దేన్ని?"

"షార్ట్‌బ్రెడ్‌ని, ఇంకేంటి! నిన్ను పెడతాననుకున్నావా?"

వాల్టర్ పేపరు దించి ఆలోచించాడు. "పెట్టు" అన్నాడు. మళ్లీ పేపరు ఎత్తాడు. పేపరు వెనక నుంచి, "ఎప్పుడో పెట్టాల్సింది" అన్నాడు. పెళ్లయిన నలభై ఏళ్లలో అది ఆయన చేసిన అతి పెద్ద ప్రసంగం.

గ్లెన్‌ఫారోలో కూడా మార్పులొచ్చాయి. మార్జరీకి ఎనభై ఎనిమిదేళ్లు వచ్చాయి. యాభై రెండేళ్ల దాకా గొర్రెలే లోకంగా బతికిన ఆవిడ కొడుకు ఫర్గస్ హఠాత్తుగా పెళ్లి చేసుకున్నాడు. అదీ ఆక్లండ్ పిల్లని. ఆక్లండ్ అంటే మా దృష్టిలో చంద్రుడికి కొంచెం అవతల. పిల్ల పేరు టెస్సా.

ఓ రోజు టెస్సా ఎల్స్‌పెత్ ఇంటి తలుపు తట్టింది. చేసిపెట్టమని అడగడానికే వచ్చిందనుకుని ఎల్స్‌పెత్ మొహం గంటు పెట్టుకుంది.

"మీరు చేసి పెట్టొద్దు" అంది టెస్సా, కూర్చోకముందే. "ఎలా చెయ్యాలో చెప్పండి చాలు. నా పాట్లు నేను పడతాను. అత్తయ్యగారు ఈసారి పోటీలో లేనంటున్నారు."

ఎల్స్‌పెత్‌కి పిల్ల నచ్చింది. అంతా చెప్పింది. వెన్న ఎంత మెత్తబడాలో, చెయ్యి ఎంత చల్లగా ఉండాలో చూపించింది. గ్రిజెల్ కాలం నుంచీ పిండిలో గుప్పెడు బియ్యప్పిండి కలుపుతారన్న మాట మాత్రం చెప్పడం మరిచిపోయింది. జన్మలో ఇంకేదీ మరిచిపోయిన మనిషి కాదు.

ప్రదర్శన రోజు ఫిబ్రవరి మూడో శనివారం, యథావిధిగా వాన. వంటల గుడారంలో పళ్లేలు తీసుకునే పని నాది. పద్ధతి చాలా గట్టిది: ఎవరి పేరు వాళ్లు చీటీ మీద రాసి, మడిచి, పళ్లెం కింద పెట్టాలి, పైకి అంకె ఒక్కటే కనబడాలి. ఎల్స్‌పెత్ తొమ్మిదికి రెండు నిమిషాలుందనగా పరుగున వచ్చింది. వెనక వరసలో జనం, గొడుగుల నీళ్లు మెడ మీద. గబగబా చీటీ రాసి, మడిచి, ఏడో అంకె పళ్లెం కింద పెట్టి, పక్కన నిలబడింది.

ఇన్వర్‌కార్గిల్ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత పన్నెండు పళ్లేలూ కొరికి చూశాడు. పదకొండో పళ్లెం దగ్గర చెంప పట్టుకుని, "గట్టి ప్రయత్నం" అన్నాడు. ఏడో పళ్లెం దగ్గర కళ్లు మూసుకున్నాడు. రెండో ముక్క తీసుకున్నాడు. నిబంధనల్లో రెండో ముక్క లేదు.

"ఏడు" అన్నాడు. "రెండో బహుమతి మూడో పళ్లేనికి."

నేను ఏడో పళ్లెం కింది చీటీ విప్పి చదివాను. "మిసెస్ ఓగిల్వీ, గ్లెన్‌ఫారో."

జనం చర్చిలో ఆమెన్ అన్నట్టు చప్పట్లు కొట్టారు.  ఎల్స్‌పెత్ తన కుడిచేతి వంకే చూసుకుంటోంది. నలభై ఒక్కేళ్లు ఆ రోజున ఆ చెయ్యి ఆ పేరే రాసింది. ఈ ఏడు ఎవరూ రాయమనకపోయినా, తనంతట తనే రాసేసింది.

ఆనవాయితీ ప్రకారం మిగతా చీటీలు కూడా చదవాలి. పదకొండో చీటీ విప్పాను. "మిసెస్ ఓగిల్వీ, గ్లెన్‌ఫారో."

మూడో పళ్లెం విన్నీ లేడ్లాది. ఇరవై రెండు సార్లు రెండో స్థానంలో నిలబడి నిలబడి ఆవిడ నిబంధనల పుస్తకం కంఠతా పట్టేసింది. "నాలుగో నిబంధన!" అని కేకేసింది. "ఒక మనిషికి ఒకే పళ్లెం! రెండు పెడితే రెండూ పోతాయి! ఫర్గస్, చదువు!"

ఫర్గస్ ప్రదర్శన సంఘానికి అధ్యక్షుడు. తండ్రీ తాతా ముత్తాతా కూడా అంతే. అతను పుస్తకం తీసి, తడిసిన కళ్లద్దాలు తుడుచుకుని, నాలుగో నిబంధన చదివాడు. విన్నీ చెప్పింది అక్షరాలా నిజం.

టెస్సా ముందుకొచ్చింది. "పదకొండోది నాది. చూడండి, నా బొటనవేలు కాలింది. ఆ ఏడోది నేను ఏడు జన్మలెత్తినా చెయ్యలేను."

"మరి ఏడోది ఎవరిది?" అన్నాడు ఫర్గస్.

గుడారంలో ఎనభై మంది ఉన్నారు. ఎనభై మందీ పైకప్పు కారుతోందేమో అని పైకి చూశారు.

ఎల్స్‌పెత్ నోరు విప్పితే చాలు. కానీ "నాది" అంటే, "మరి మిసెస్ ఓగిల్వీ అని ఎందుకు రాశావు?" అంటారు. దానికి జవాబు చెబితే ముందు వరస కుర్చీలో కూర్చున్న ఎనభై ఎనిమిదేళ్ల మనిషి పరువు ఊరందరి ముందూ కడిగినట్టవుతుంది. ఎల్స్‌పెత్ పెదవులు బిగించి చేతిసంచీ అందుకుంది.

అప్పుడు ఫర్గస్ మొహం వెలిగింది. "ఇందులో చిక్కేముంది! మిసెస్ ఓగిల్వీలు ఇద్దరున్నారు కదా. పదకొండోది టెస్సాది. ఏడోది అమ్మది! చివరి నిమిషంలో మనసు మార్చుకుని ఉంటుంది. అంతేనా అమ్మా?"

గుడారం మొత్తం హమ్మయ్య అనుకుంది. కొందరు చప్పట్లకి చేతులు కూడా లేపారు. మార్జరీ తల పంకిస్తే చాలు. ముప్పై ఎనిమిది సార్లు పంకించిన తలే.

మార్జరీ కర్ర ఊతంగా లేచింది.

"ఫర్గస్, కూర్చో."

"అమ్మా, నువ్వు లేవక్కర్లేదు, ఊరికే..."

"కూర్చోమన్నాను." ఫర్గస్ కూర్చున్నాడు. అధ్యక్షుడి కుర్చీ దూరంగా ఉండటంతో చీజ్ రోల్స్ పెట్టె మీద కూర్చున్నాడు. "ఆ కప్పు మీద నా పేరు ముప్పై ఎనిమిది సార్లు ఉంది. నేను జన్మలో పిండిలో చెయ్యి పెట్టింది ఒక్కసారి, పెళ్లయిన కొత్తలో. ఆ షార్ట్‌బ్రెడ్ కుక్క కూడా ముట్టలేదు. మా అత్తగారు వచ్చి చూసి, 'అమ్మాయ్, ఈ ఇంట్లో మనం గెలుస్తాం, వండం' అన్నారు."

ఎవరో వెనక నవ్వబోయి దగ్గుగా మార్చారు.

"మిసెస్ ఓగిల్వీ, కూర్చోండి" అంది ఎల్స్‌పెత్, కంగారుగా. "మీ మోకాలు..."

"నా మోకాలి సంగతి నలభై ఒక్కేళ్లు విన్నావు. ఇవాళ ఇంకోటి విను. ఏడోది నీది. అంతకు ముందువన్నీ నీవే. వాటికి ముందువి మీ అమ్మవి. ఇది ఈ గుడారంలో తెలియనివాళ్లు ఇన్వర్‌కార్గిల్ నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి ఒక్కడే."

పెద్దమనిషి మూడో ముక్క నోట్లో పెట్టుకుని ఆసక్తిగా వింటున్నాడు.

అందరూ విన్నీ వైపు తిరిగారు. నిబంధన ఆవిడ చేతిలో ఉంది. పేరు తప్పు రాసిన చీటీ చెల్లదని ఒక్క మాటంటే కప్పు ఆవిడదే.

విన్నీ రెండు చేతులూ నడుం మీద పెట్టింది. "ఇన్నేళ్లూ ఓగిల్వీల గొప్పింటి వెన్న చేతిలో ఓడిపోతున్నానని చెప్పుకుని నిద్రపోయేదాన్ని. ఆ ఓదార్పు కూడా ఇవాళ పోయింది! సరే. ఓడితే ఎల్స్‌పెత్ చేతిలోనే ఓడతా. కానీ రెండోది నాదే, అది మాత్రం ముట్టుకున్నారంటే ఊరుకోను."

ఈసారి చప్పట్లు ఆమెన్‌లా లేవు. గుడారం గుంజలు కదిలాయి. వాల్టర్ టోపీ తీసి, దేనికి తీశాడో తెలియక, మళ్లీ పెట్టుకున్నాడు.

కొత్త చీటీ రాయమని ఎల్స్‌పెత్‌కి కలం ఇచ్చాను. ఆవిడ వంగి రాయడం మొదలుపెట్టింది. టెస్సా భుజం మీంచి తొంగిచూసి, "అయ్యో, మళ్లీ ఓగిల్వీ!" అంది. ఎనభై మందీ ఒక్కసారే "బర్నీ! బర్నీ!" అని అరిచారు. మూడో చీటీకి సరిగ్గా వచ్చింది.

తర్వాత జరిగినవి క్లుప్తంగా. పాత పేర్లన్నీ అరగదీయించి నిజం పేర్లు చెక్కిస్తానని మార్జరీ పట్టుబట్టింది. ఎల్స్‌పెత్ ఒప్పుకోలేదు. "ఆ అక్షరాలన్నీ తోమింది నేనే, వాటి మూలమూలా నాకు తెలుసు. ఉండనివ్వండి" అంది. మార్జరీ కప్పు కింద కొత్త కర్ర పీట వేయించింది, మరో వందేళ్ల పేర్లకు సరిపడా. టెస్సా బుధవారం బుధవారం బర్నీల ఇంటికి వస్తుంది. బియ్యప్పిండి సంగతి ఎల్స్‌పెత్‌కి మూడో బుధవారం జ్ఞాపకం వచ్చింది. మరుసటేడు టెస్సాకి మూడో బహుమతి దక్కింది. ఆ రాత్రే కర్ర అచ్చు వెనక అయిదో అక్షరం కాల్చారు. ఓగిల్వీల ఇంటి కోడలు గ్రిజెల్ వంశంలో చేరింది.

కప్పు ఇప్పుడు బర్నీల వంటింటి కిటికీలో ఉంది. శనివారం మధ్యాహ్నం ఎల్స్‌పెత్ పాత గుడ్డా పాలిష్ డబ్బా తీసి దాని ముందు కూర్చుంటుంది.

"పని మానేశావు కదా" అంటాడు వాల్టర్.

"అప్పుడది వాళ్ల కప్పు. ఇప్పుడు నాది" అంటుంది.

నలభై ఒక్కేళ్లు ఆవిడ పైనుంచి, హెన్రియెట్టా దగ్గర మొదలుపెట్టి కిందికి తోముకొచ్చేది. ఇప్పుడు చివరి పేరు దగ్గర మొదలుపెడుతుంది. అక్కడ ఎంత సేపయినా పడుతుంది. మిగతా ఓగిల్వీల దాకా వచ్చేసరికి టీ వేళవుతుంది.