మాటలు లేని బస్సు

2008లో నేను మస్కట్‌లో ఒక ఫ్యాక్టరీ బస్సు నడిపేవాణ్ని. రుసైల్‌లో నైట్ డ్యూటీ దిగినవాళ్లను పొద్దున్నే రూవిలోని రూములకు చేర్చడం నా పని. బస్సులు రెండు. నిద్ర చెడుతోందని కొందరు గొడవపెడితే, సూపర్‌వైజర్ నా బస్సును ‘సైలెంట్ బస్’ చేశాడు. అంటే అందులో ఫోన్ మాట్లాడకూడదు, పాటలు పెట్టకూడదు. రెండో బస్సులో మాత్రం అందరూ ఇళ్లకు ఫోన్లే. మన దగ్గర పిల్లలు బడికి తయారయ్యే వేళ అది.

గంగారాం జగిత్యాల వైపు మనిషి, ప్యాకింగ్‌లో చేసేవాడు. “అన్నా, నన్ను నీ బస్సుల ఎక్కించుకో” అని బతిమాలితే నిద్ర కోసమనుకున్నాను. కానీ నా వెనక సీట్లో కూర్చుని కన్ను మూసేవాడు కాదు. ఒకరోజు అందరూ దిగాక అడిగాను.

“నిద్రపోవు. మరి ఈ బస్సెందుకు తమ్మీ?”

“ఆ బస్సుల అందరు ఇంటికి మాట్లాడుతరు. నువ్వెందుకు చేస్తలేవని నన్నడుగుతరు. ఏం చెప్పాలె అన్నా?”

భార్య గొడవపడి పుట్టింటికి వెళ్లిపోయిందట. ఇతని ఫోన్ ఎత్తదు. తను విమానమెక్కేనాటికి చంకలో ఉన్న కూతురు ఇప్పుడెలా ఉందో తెలియదు.

కొన్నాళ్లకు, సీబ్ ఎయిర్‌పోర్టు దాటుతుండగా అతని ఫోన్ మోగింది. “అరే భాయ్, బంద్ కరో!” అని వెనక ఎవరో విసుక్కున్నారు. అద్దంలో చూస్తే గంగారాం ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని నంబరు చూస్తున్నాడు.

“అన్నా, మా అత్తగారి నంబరు.”

“ఎత్తు! నేను ఆపుతున్న.”

బస్సును పెట్రోల్ పంపులోకి తిప్పి తలుపు తీశాను. మాట్లాడుతూనే దిగాడు. “బాపును బిడ్డా... నేను మీ బాపును” అంటున్నాడు. అంతలోనే కట్టయినట్టుంది. ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. తిరిగి చేస్తే స్విచాఫ్.

వచ్చి కూర్చున్నాక తనే చెప్పాడు.

“పోరి ఫోన్‌తోని ఆడుకుంటున్నదన్నా. ‘మా బాపు మస్కట్ల ఉన్నడు, నువ్వెవలు?’ అన్నది. గంతల వాళ్లమ్మ గుంజుకున్నది.”

విసుక్కున్నతనితో సహా రూవి దాకా ఎవరూ నిద్రపోలేదు.

మర్నాడు గంగారాం రెండో బస్సు దగ్గర నిలబడ్డాడు.

“బిడ్డ మళ్ల చేస్తదేమో అన్నా. నీ బస్సుల ఎత్తరాదు గదా.”

“నీ కోసం ఆపుత తియ్!”

“వద్దన్నా. పాపం, వాళ్ల నిద్రెందుకు చెడగొట్టుడు?”

అందరూ మాట్లాడుకుంటుంటే ఒడిలో ఫోన్ పెట్టుకుని కూర్చునేవాడని ఆ బస్సు డ్రైవర్ చెప్పేవాడు. నేను ఆ కంపెనీ వదిలేదాకా మళ్లీ ఫోన్ వచ్చినట్టు వినలేదు.

నిశ్శబ్దం కోరుకునేవాడికి మాటలు అక్కర్లేదని గంగారాంను చూసేదాకా అనుకునేవాణ్ని. ఆ తర్వాత ఎవరైనా నా బస్సులో సీటు అడిగితే, ముందు కాసేపు కూర్చోబెట్టి ఇంటి సంగతులు అడిగేవాణ్ని. కొందరు చెప్పేవాళ్లు. కొందరు కిటికీ వైపు తిరిగేవాళ్లు. అలా తిరిగినవాళ్లను గంగారాం కూర్చున్న నా వెనక సీట్లోనే కూర్చోబెట్టుకునేవాణ్ని.