కొట్టం మీద మా సగం

నానక్‌రామ్‌గూడ దగ్గర మా మామ తన జామతోటను ఇద్దరు కొడుకులకు పంచి ఇచ్చినప్పుడు, హద్దు సరిగ్గా కొట్టం నడుమ నుంచి పోయింది. పారలు, బుట్టలు, ఎరువు బస్తాలు పెట్టుకునే చిన్న కొట్టం అది. పైన గూన పెంకుల కప్పు. తూర్పు వాలు బావవాళ్లది, పడమటి వాలు మాది. లోపల అడ్డుగోడ లేదు, నేల మీద గీత కూడా లేదు. అయినా ఎవరి బుట్ట ఎవరి వైపు ఉండాలో నాకు బాగా తెలుసు.

డెబ్బైల మొదట్లో అనుకుంటాను, నాకు అప్పటికి పెళ్లయి రెండేళ్లు. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. నాకు అత్త లేదు గానీ ఆ లోటు తెలియనివ్వకుండా యారాలు, మా బావ భార్య, ఉంది. మా ఆయన పాలు మరవకముందే తల్లి పోతే, కొత్తగా కాపురానికి వచ్చిన ఈ వదినే ఎత్తుకుని పెంచిందట. నేను అడగకపోయినా ఈ సంగతి ఊళ్లో అందరూ నాకు చెప్పారు. అన్నం ముందు కూర్చుని ఆయన ‘వదినె చారు...’ అని మొదలుపెట్టాడంటే నా చేతిలో గంటె ఆగిపోయేది.

ఆ ఎండాకాలం రాళ్లవాన పడి కొట్టం పెంకులు చాలా మటుకు పగిలాయి. బావకు జీడిమెట్లలో ఫ్యాక్టరీ పని దొరికి ఆదివారాలే ఇంటికి వచ్చేవాడు. అందుకని రెండు వాలులూ మా ఆయనే బాగుచెయ్యాలి. కుమ్మరి కొత్త పెంకులు కాల్చేదాకా వానలు ఆగవు, ఉన్నవాటితోనే సర్దుదామన్నాడు.

పెంకులన్నీ కిందికి దింపాం. ఒక్కొక్కటీ వేలి కణుపుతో కొట్టి చూడాలి. మంచిది ఖంగుమంటుంది, నెర్రె పట్టింది బొదబొదమంటుంది. ఆ పని నాది. ఖంగుమన్నవన్నీ మా కుప్పలో వేశాను, బొదబొదమన్నవి యారాలి కుప్పలో. ఇందులో అన్యాయం ఏముంది? ఎండలో నిచ్చెన కింద నిలబడి చేతులు కొట్టుకుపోయేలా అందిస్తున్నది నేను. ఆవిడ జామచెట్టు నీడన మజ్జిగ ముంత పట్టుకుని కూర్చుంది. “జర నీడకు రారాదు బిడ్డా, ఎండ గొడ్తది” అంటోంది. నాతో కాదు, ఆయనతో.

ఆయన ముందు వదిన వాలే మొదలుపెట్టాడు. నేను అందించిన పెంకు మళ్లీ కొట్టి చూశాడు.

“ఇది నెర్రె వట్టింది గదనే.”

“ఉన్నయి గవే.”

“మరి ఆ కుప్పల ఉన్నయేంది?”

“అవి మనయి.”

ఆయన నవ్వాడు. “అవే ఇయ్యి. వదినె దిక్కు మంచిగ కావాలె. మనది ఎట్లన్నా అయితది.”

మనది ఎట్లన్నా అయితది! ఒళ్లు భగ్గుమంది. నా కుప్పలోంచి ఒక్కొక్క పెంకూ ఆమె వాలు మీదికి ఎక్కుతుంటే, నా మెడలో గుండ్లు ఒక్కొక్కటీ తీసి ఆమె మెడలో గుచ్చుతున్నట్టే ఉంది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. మా యారాలు నవ్వనైనా నవ్వలేదు. “గట్ల చెయ్యకు బిడ్డా, పిల్ల దిక్కు గూడ మంచియి ఎయ్యి” అంది. దానికి ఇంకా మండింది. నా మొగుడి దగ్గర నా తరఫున ఆమె సిఫారసు ఏమిటి?

సాయంత్రానికి ఆమె వాలు వరుస తీరి ముచ్చటగా తయారైంది. మాది అతుకుల బొంత. పెంకులు పోతే పోయాయి. ఆయన ఒక్కసారి, తనంతట తాను, ఆమెను వదిలి నా వైపు రావాలి. నాకు కావలసింది అంతే.

మిరుగు కార్తె రోజుల్లో మొదటి వాన పడింది. ముగ్గురం తోటలోనే ఉన్నాం, కొట్టంలోకి ఉరికాం. నేను నేరుగా మా వైపుకే వెళ్లాను. నెత్తి మీద, భుజాల మీద, ఎరువు బస్తాల మీద టపటపా కారుతోంది. అవతల వాళ్లిద్దరూ పొడినేల మీద ఉన్నారు. ఆమె కొంగుతో ఆయన తల తుడుస్తోంది. అంత మనిషీ తల వంచి తుడిపించుకుంటున్నాడు.

“ఇటు రా పిల్లా, తడుస్తున్నవ్” అంది.

“నాకు ఈడనే మంచిగుంది అక్కా.”

ఒక బుట్ట తీసి నెత్తిన బోర్లించుకున్నాను. వెదురుబుట్టలో నీళ్లు ఆగుతాయా? సందుల్లోంచి ధారలు కట్టి జాకెట్టులోకి దిగుతున్నాయి. అయినా కదల్లేదు.

కాసేపటికి ఆయన వచ్చాడు. ఆ పొడినేల వదిలి, ఆ కొంగు వదిలి, కారే కప్పు కిందికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన భుజం నా భుజానికి తగిలింది. వాన ఇంకా గట్టిగా కొట్టాలి, ఇప్పట్లో ఆగకూడదు అనుకున్నాను. బుట్ట కింది నుంచే యారాలి వైపు ఒక చూపు కూడా విసిరాను.

ఆయన నోటితో వినాలనిపించింది.

“నువ్వు తడుస్తవు గద, ఎందుకొచ్చినవ్?” అన్నాను, గొంతు వీలైనంత మెత్తగా చేసుకుని.

ఆయన ముఖం మీది నీళ్లు చేత్తో తుడుచుకున్నాడు.

“వదినె పొమ్మన్నది” అన్నాడు.