తేనెసీసా అచ్యుత్

పదకొండో ప్రయత్నంలో అచ్యుత్ గెలిచాడు. తేనె నింపిన గుండ్రటి సీసాను పుస్తకం మీద పడుకోబెడితే ‘అ’ అక్షరం ఆవడంత కనబడింది. ఓడిపోయిన నీళ్ళు, నూనె, పాకం అన్నిటినీ మా అమ్మాయి కాత్యాయని కార్పెట్ తాగేసింది.

బ్లాక్‌టౌన్‌లో మా అమ్మాయి ఇంట్లో అద్దెకుంటున్న కంప్యూటర్ ఇంజనీరు అతను. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడకుండా ఆఫీసులో వాటి తేదీలు బాగుచేస్తాడు. ఇంటికొస్తే దేనికైనా టార్చి పెట్టి, అందులోంచి వెలుగెలా పోతుందో చూస్తాడు. నా చారుకూ ఆ పరీక్ష తప్పలేదు.

“గాల్లో పరిగెత్తే లైటు నీళ్ళలో స్లో అవుతుందంకుల్. తేనెలో ఇంకా స్లో. ఏటవాలుగా దిగితే వంగుతుంది. అందుకే అక్షరం పెద్దదవుద్ది.”

“మోకాళ్ళ నొప్పులతో నేనూ నెమ్మదిగానే నడుస్తున్నా. నేనేమన్నా పెద్దగా అయ్యానా?”

“నడుం దగ్గర కొంచెం అయ్యారంకుల్.”

నాకేమీ అర్థం కాలేదు. ఊరి బడిలో చదివినా తాలూకాకు ఫస్టు వచ్చినవాణ్ణి; పద్యాల పోటీలో వెండి పతకం, రెండుసార్లు పంచాయతీ ప్రెసిడెంటు, డెబ్బై ఒకటో ఏట కూడా కళ్ళజోడు లేని ఘనత. దాంతోనే మా గరాజ్‌లో ఆదివారం చేరే తెలుగువాళ్ళకు పురాణం చదివే కుర్చీ నాదైంది.

నిరుడు సెప్టెంబరు నుంచి అక్షరాలు చీమల బారుల్లా కదలసాగాయి. ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే కుర్చీ, పురాణం వినడానికొచ్చే గోపాలరావుది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కాచుకునే ఉన్నాడు. ఒక ఆదివారం వరసలు దాటేసి, యుద్ధం మొదలవకముందే రాక్షసుణ్ణి చంపేశాను.

“అప్పుడే చచ్చాడా రాజారావు గారూ? వాడింకా రథమే ఎక్కలేదండీ!” అన్నాడు గోపాలరావు.

మరుసటి ఆదివారం అచ్యుత్ సీసా తెచ్చాడు. “ఎక్స్‌పెరిమెంట్! ఇకనుంచి ఎవరు చదివినా దీన్లోంచే చదవాలి. గోపాలరావు అంకుల్, మీరు స్టార్ట్ చెయ్యండి.”

కళ్ళజోడుకు తోడు సీసా. నాలుగు ముక్కలు చదివేసరికి ఆయన, “తల తిరుగుతోందయ్యా బాబూ!” అని కూలబడ్డాడు. నేను ఆ రోజు గడగడా చదివాను.

“పురాణాన్ని లేబొరేటరీ చేశావు కదరా!” అని అందరి ముందూ తిట్టాను కూడా.

ఈ ఫిబ్రవరిలో ఇరవైతొమ్మిదో తేదీ ఉందని కంప్యూటర్లు నమ్ముతాయో లేదో చూడమని అతన్ని మెల్‌బోర్న్ పంపారు. వెళ్ళేముందు రెండు సీసాలిచ్చాడు. వాటి మీద బొటనవేలంత అక్షరాలు: ‘పద్యాలకు నీళ్ళు’, ‘సన్న అక్షరాలకు తేనె’.

ఆ అక్షరాల సైజు చూసి అడిగాను. “నీకెప్పుడు తెలిసింది?”

“రాక్షసుడు రథం ఎక్కకముందే,” అన్నాడు, టార్చి జేబులో పెట్టుకుంటూ. “మన కంట్లో కూడా చిన్న సీసా లాంటిది ఉంటుందంకుల్. మీది మసకబారినట్టుంది. నేనొచ్చాక డాక్టర్‌కి చూపిద్దాం. ఎవరన్నా అడిగితే ఎక్స్‌పెరిమెంటే అని చెప్పండి.”

నెమ్మదించిన వెలుగు అక్షరాన్ని ఎలా పెంచుతుందో నాకింకా అయోమయమే. తేనెసీసాకు మాత్రం చీమలు పట్టకుండా కాపలా కాస్తున్నాను. అతను వచ్చేది మార్చి నాలుగు, శనివారం.