బావ లారీలో నీళ్ళు

మా అక్క మొగుడు నా పెళ్ళి చెడగొట్టాడు. ఇది ముందు చెప్పాలి. లేకపోతే తర్వాతి సంగతి విని నన్నే పాపాత్ముణ్ణి అంటారు.

డోర్నకల్ రైల్వేలో పనిచేసే ఒకాయన, తన కూతురికి నన్ను ఖాయం చేసుకోవడానికి వరంగల్ మట్టెవాడలోని మా ఇంటికి వచ్చాడు. అప్పటికే నేను పిల్లను చూసొచ్చాను, నచ్చింది. నచ్చిందనడం తక్కువే, మగ్గం మీద కూర్చున్నా ఆ పిల్లే కళ్ళ ముందు తిరిగేది. మాటలన్నీ కుదిరి అందరూ చాయ్ తాగుతుంటే బావ నవ్వుతూ నోరు తెరిచాడు.

"అంత మంచిగనే ఉన్నది గని, మా బామ్మర్దికి మూర్ఛ వచ్చినప్పుడు చేతిల తాళంచెవి పెట్టాలె. పిల్లకు జర చెప్పి పంపుండ్రి."

నాకు ఊహ తెలిశాక ఒక్కనాడూ మూర్ఛ రాలేదు. ఆయన చాయ్ సగంలోనే వదిలి లేచిపోయాడు. మావాళ్ళు స్టేషన్ దాకా వెంటబడి బతిమాలినా నమ్మలేదు. ఆ మాట రైలు పట్టాల వెంట ఊరూరికీ పాకింది. తర్వాత ఏళ్ళ తరబడి మా గడపలోకి పిల్లనిస్తామని వచ్చినవాడు లేడు.

నేను బావ గల్లా పట్టుకుంటే ఇంట్లోవాళ్ళు నన్నే తిట్టారు. "బావ గాకపోతె నీతోని పరాచికం ఎవలాడుతర్రా?" అంది మా అమ్మ. మాలో బావకు ఆ హక్కుంది. ఆయన ఏమన్నా బామ్మర్ది నవ్వాలి, వీలుంటే తిరిగి ఒకటి అంటించాలి. కోపం తెచ్చుకుంటే చిన్నబుద్ధి అంటారు. నేను నవ్వలేదు. ఇప్పుడు తలుచుకున్నా నవ్వు రాదు, పళ్ళు పటపటమంటాయి.

యుద్ధం రోజుల్లో మా దగ్గర నేసిన జంపఖానాలు మిలిటరీకి పోయేవి. అప్పటికి బావా నేనూ మగ్గం వదిలి లారీలు నడుపుతున్నాం. ఒక చలికాలం కంట్రాక్టరు మా ఇద్దరినీ రైలెక్కించి కాశ్మీరు కొండల కిందికి పంపాడు. అక్కడ చెరో లారీలో జంపఖానాలు నింపి, కనుమ అవతలి క్యాంపులో దించి రమ్మన్నారు.

మంచు చూడడం అదే మొదటిసారి. మొదటి రోజు దారి పక్కన అక్కడక్కడ కనిపించింది. రెండో రోజుకు రోడ్డేదో లోయేదో తెలియలేదు. కొండ మొదలు నుంచి చివర దాకా ఏకిన పత్తి పరిచినట్టే ఉంది. మనిషి లేడు, పిట్ట లేదు. చక్రాలకు గొలుసులు చుట్టుకుని ముందు బావ, వెనక నేను. అంత చోద్యం చుట్టూ ఉన్నా నేను చూసింది బావ లారీ వెనక తలుపునే. ఒక్కసారి జారితే చాలు అనుకుంటూ నడిపాను. ఆ కోరిక దాచుకోను.

పొద్దు ఉండగానే కనుమ మొదట్లో ఒక చాయ్ కొట్టు దగ్గర ఆ రాత్రికి ఆగాం. బావ లోపల రొట్టె తింటున్నాడు. కొట్టు ముసలాయన బయటికొచ్చి ఉర్దూలో నాతో చెప్పాడు, రేడియేటర్‌లో నీళ్ళు మొత్తం వదిలెయ్యమని. తెల్లారేసరికి గడ్డకట్టి ఇంజను పగులుతుందట, పొద్దున వేడినీళ్ళు పోసుకోవాలట. ఈ మాట వరంగల్‌లో అంటే పిచ్చివాడంటారు. ధర్మసాగర్ దారిలో ఎండకు ఆపి ఆపి నీళ్ళు పోసేవాళ్ళం మేము. నేను బావకు చెప్పకుండా నా లారీ నీళ్ళు వదిలేశాను. ముసలాయన కొట్టు మూసి, కింద ఉన్న తన ఊరికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి బావ చెంబుతో వచ్చాడు. మూత తీసి అంచుదాకా నింపి, తడి తుడిచి, మూత బిగించాడు.

"రేపు గట్టెక్కాలె. నిండుగ ఉంటె ఫికర్ లేదు. నీ దాంట్ల పోసినవా?"

"పోసిన బావా," అన్నాను.

తెల్లవారుతుండగా, ఆయన లేవకముందే, మంచు కరిగించి వేడినీళ్ళు పోసుకున్నాను. బావ లారీ ఇంజనుకు చెయ్యి పట్టేంత పగులు. "ఎట్ల పలిగెరా ఇది?" అంటూ ఆయన దాని చుట్టూ తిరుగుతుంటే నాకు కడుపు నిండినట్టయింది. నా లారీలో ఇంకో మనిషికి చోటుంది. అయినా, "సరుకు కాడ నువ్వుండు, నేను పోయి మనుషులను తోలుకొస్త," అని బయలుదేరాను.

మధ్యాహ్నానికే క్యాంపు చేరాను. వెంటనే చెప్పలేదు. పొయ్యి దగ్గర కూర్చుని చాయ్ మీద చాయ్ తాగాను. కూర్చోనీ బావను, డోర్నకల్ పిల్లను తలుచుకుంటూ ఆ మంచులో కూర్చోనీ అనుకున్నాను. చెప్పేసరికి మంచు కురిసి దారి మూసుకుపోయింది. మర్నాడు మిలిటరీవాళ్ళు వెళ్ళి చూస్తే బావ జంపఖానాల కింద ముడుచుకుని ఉన్నాడు. ప్రాణం ఉంది. చేతితొడుగు తీసేసి, పగిలిన ఇంజను ఇనుములో గుడ్డలు కుక్కుతూ రోజంతా తంటాలు పడ్డాడట. చలికి చచ్చుబడ్డాయని దవాఖానలో కుడిచేతి వేళ్ళు నాలుగు తీసేశారు.

ఊరికొచ్చాక బావ కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు: "మా బామ్మర్ది మిలిటరీని తోలుకరాకపోతె ఆ మంచులనే సచ్చిపోదును." విన్నప్పుడల్లా నా ఒళ్ళు మండేది. పగ తీర్చుకున్నానని అవతలివాడికి తెలియకపోతే నాకేం దక్కినట్టు? వేళ్ళు పోగొట్టుకుని నన్ను దేవుణ్ణి చేశాడు.

ఒక మధ్యాహ్నం వాళ్ళింట్లో అన్నం తింటూ ఇక ఆగలేకపోయాను.

"నీళ్ళు తీసెయ్యాలని నాకు ముందే ఎరికె బావా. కావాల్ననే చెప్పలె. నా పెండ్లి చెడగొట్టినందుకు."

బావ పొలమారేదాకా నవ్వాడు. "చూసినవానే, మీ తమ్ముడు ఎట్ల తీర్సుకుంటాండో! ఇన్నొద్దులకు వీనికి పరాచికం వచ్చింది!"

అక్క నవ్వలేదు. ఎడమ చేత్తో తినడం బావకు ఇష్టం లేదు కాబట్టి, ఆమె రోజూ కలిపి ముద్దలు పెట్టేది. ఆ ముద్ద చేతిలోనే ఆగింది.

"నిజమా?" అని నన్నే అడిగింది.

"నిజమే," అన్నాను.

ముద్ద బావ నోట్లో పెట్టి, చెయ్యి కడుక్కుని, నా ముందున్న కంచం తీసేసింది. నేనింకా సగం కూడా తినలేదు.

"ఈయనకు తినవెట్టి, బట్టలు కట్టి, నా పానం వోతాంది," అంది. "నీకు గూడ వండుడు నాతోని గాదు. ఇగ రాకు తమ్మీ."