తాళం వేసిన చర్చ

ఏళ్ల తరబడి ఒక మనిషి పేరు నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు గనుక మీకు చెప్పగలుగుతున్నాను.

నాది విజయనగరం. బడి మధ్యలోనే మానేశాను. రేడియోలు బాగుచేసుకుంటూ, పాత పుస్తకాలు కూడబలుక్కుంటూ కంప్యూటర్‌కి కోడ్ రాయడం నేర్చుకున్నాను. ఇంటర్నెట్‌లో నలుగురూ చర్చించుకునే ఒక ఇంగ్లీషు ఫోరంలో సందేహం అడిగితే, ఇంజనీర్లు నా కోడ్ వదిలేసి నా ఇంగ్లీషు చూసి నవ్వారు. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. దానితోనే తెలుగులో ఒక ఫోరం పెట్టాను. మొదటి నియమం నేనే రాశాను: నడిపి చూడకుండా ఎవరి కోడ్‌నూ తప్పుపట్టకూడదు; తప్పు కోడ్‌లో చూపాలి, మనిషిలో కాదు. ఆ నియమం చూపించి ఎంతమందికి గడ్డి పెట్టానో! నాకెవరు పెట్టాలి?

కొత్తవాళ్లకు పాఠంగా, బస్సుల ప్రయాణ సమయం లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం అక్కడ పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. శృంగవరపుకోటలో ఇంటిపని అయ్యాక కోడ్ నేర్చుకుంటున్న పైడితల్లి అనే ఇల్లాలు మాత్రం, రాత్రి బయల్దేరి తెల్లారి చేరే బస్సుకు నా ప్రోగ్రాం సున్నా కంటే తక్కువ గంటలు చూపిస్తోందని రాసింది. ఎంతో మర్యాదగా రాసింది. సరిచేసిన కోడ్ వరుసలూ జతచేసింది.

నేను నడిపి చూడలేదు. ఎందుకు? నిజంగానే తప్పుంటుందేమోనన్న భయమా, అందరి ముందూ నిన్నగాక మొన్న వచ్చిన ఆడమనిషి చెప్పిందన్న ఉక్రోషమా? రెండూను. ‘ఎవరిదో కాపీ కొట్టి తెచ్చి నాకే పాఠం చెబుతావా’ అని రాశాను. మిగతావాళ్లు ఎగబడ్డారు. ‘ముందు బస్సెక్కడం నేర్చుకోమ్మా’ అన్నాడొకడు. దానికి నేనూ నవ్వు బొమ్మ పెట్టాను.

ఆ సాయంత్రం, ఫోరంలో నేను పెట్టిన నంబరు చూసి ఆమె ఫోన్ చేసింది.

“బాబాయ్, నాను పైడితల్లిని. తిట్టినారు, పర్వానేదు. కాపీ అని రాసీసినారేటి? మా బావగారూ ఆ ఫోరంలోనే ఉన్నారు. సదివీసి ఇంట్లో అందరికీ సూపించినారు.”

“అయితే ఏటంతావు?”

“ఇంక ఈ సదువు సాలు, కంప్యూటర్ అమ్మీస్తామంతన్నారు. ఓపాలి నడిపి సూడండి బాబాయ్. అది నాను రాసుకున్నదేనని ఒక్క ముక్క రాయండి, సాలు.”

“సూస్తాన్లే.”

చూశాను. సున్నా కంటే తక్కువే వచ్చింది. ఆమె వరుసలు పెడితే సరిగ్గా వచ్చింది. అప్పుడైనా ఆ ఒక్క ముక్క రాయాలి కదా? ఆమె వరుసల్ని నా ప్రోగ్రాంలో కలిపేసుకున్నాను. ఆమె రాసింది తుడిచేశాను. నా తిట్టు మాత్రం ఉంచి, ఇంకెవరూ జవాబివ్వడానికి లేకుండా చర్చకు తాళం వేశాను. నన్ను చూసి నవ్విన ఇంజనీర్లు కూడా నా నోరు నొక్కలేదు. నేను నొక్కాను.

ఆమె మళ్లీ ఫోరంలోకి రాలేదు. కంప్యూటర్ అమ్మేశామని వాళ్ల బావగారే తర్వాత ఫోరంలో ఇంకో చర్చలో వేళాకోళంగా రాశాడు. నేను చదివి ఊరుకున్నాను. కొన్నాళ్లకు ఆ నంబరుకు ఫోన్ చేస్తే అది పనిచేయడం లేదు.

ఇవాళ తాళం తీశాను. తుడిచేసింది తిరిగి రాదు. నా తిట్టు కింద నా పేరుతోనే రాశాను: ‘నా ప్రోగ్రాంలో సరిచేసిన వరుసలు పైడితల్లివి. కాపీ కొట్టింది నేను.’ చదవవలసిన మనిషి అక్కడ లేదు, ఇక రాదు కూడా. గుండె తేలికైందని అనను. అబద్ధం ఆడడం మాత్రం ఆగింది.