తప్పంతా అమిగ్డలాదే!

మా హెర్మోజెనెస్ తుపాస్ సార్ తన జన్మలో మనిషితో మాట్లాడి ఎరగడు. ఆయన మాట్లాడేదంతా మనిషి మెదడుతోనే. తిట్టినా, పొగిడినా, పెళ్ళికి పిలిచినా అంతే. ఆయన లెక్కలో మనం ఉత్త వాకిలి. ఆయన పలకరించేది లోపల కాపురమున్న వాళ్ళని.

ఇలోయిలో ఊళ్ళో మా కాలేజీలో ఆయన సైకాలజీ చెప్పేవాడు. పక్క గదిలో నేను స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. మధ్యనున్నది పల్చని చెక్క గోడ. అందుచేత నా సబ్జెక్టు నాకెంత వచ్చిందో చెప్పలేను గానీ, మెదడూ నరాలూ మాత్రం కంఠతా వచ్చేశాయి.

ఉద్యోగంలో చేరిన రోజే స్టాఫ్ రూములో ఆయన కాలు తొక్కాను.

"అయ్యో, క్షమించండి సార్!"

"మీరెందుకు మేడమ్ క్షమాపణ చెప్పడం? తప్పు మీ సెరెబెల్లమ్‌ది. అడుగు ఎక్కడ పడాలో చూసుకునేది అదే. పొద్దున దానికి టిఫిన్ పెట్టారా?"

"లేదండీ, జీప్నీ బండి వెళ్ళిపోతుందని పరిగెత్తుకొచ్చాను."

"అదీ సంగతి! ఖాళీ కడుపుతో పనిలోకి దింపితే ఇలాగే చేస్తుంది." జేబులోంచి కాగితంలో చుట్టిన బిస్కోచో రొట్టెముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "మీకు కాదు మేడమ్. దానికి."

ఇంకోసారి క్యాంటీన్‌లో వంటక్క మనాంగ్ పసింగ్ పొగలు కక్కే బచోయ్ నూడుల్సు సూపు తెస్తూ ఆయన చేతి మీద ఒలకబోసింది. ఠక్కున చెయ్యి లాక్కున్నాడు. ఆవిడ లబోదిబోమంటుంటే ఈయన మొహం వెలిగిపోయింది.

"చూశారా మనాంగ్! చెయ్యి లాగింది నేను కాదు, వెన్నుపాము. మెదడుకి కబురింకా అందనే లేదు. ఇదిగో, వస్తోంది... ఆ, అందింది. అబ్బా! చచ్చాన్రోయ్!"

"మీ కబురు అందేలోపు చెయ్యి ఉడికిపోతుంది సార్! ముందు నీళ్ళు పోసుకోండి!"

మెదడు పాఠం ఉన్న రోజు ఆయన సంతలో కాలీఫ్లవర్ కొనేవాడు. రెండు వైపులా సమానంగా ఉండాలి, ముడతలు బాగుండాలి. బుట్టలన్నీ తిరగేస్తుంటే కూరలమ్మి విసుక్కునేది. "కూరకా సార్, సంబంధం చూసుకోడానికా?" క్లాసులో దాన్ని నిలువునా కోసి కుడి ఎడమలు చూపించి, సాయంత్రం ఇంటికి పట్టుకుపోయి కూర వండించుకునేవాడు. మర్నాడు మేం అడిగేవాళ్ళం, "నిన్న మెదడు ఎలా కుదిరింది సార్?" అని. "ఉప్పు తక్కువైంది. మా ఆవిణ్ణనకండి, పాపం ఆవిడ హిప్పోకాంపస్. జ్ఞాపకాలన్నీ అదొక్కతే మోస్తోంది" అనేవాడు.

అన్నిటికన్నా ప్రసిద్ధి ఆయన నరాల గొలుసు. క్లాసంతా వరసగా చేతులు పట్టుకోవాలి. మొదటివాడు పక్కవాడి చెయ్యి నొక్కితే, వాడు ఆ పక్కవాణ్ణి నొక్కాలి. కబురు ఆ చివరికి ఎంతసేపట్లో చేరిందో గడియారం పట్టుకుని చూసేవాడు. పిల్లలు చాలక మా క్లాసును కూడా కలిపేసుకునేవాడు. ఒకసారి కబురు వరండా సగం దాకా వచ్చి మాయమైపోయింది. వెతుక్కుంటూ పోతే ఒక కుర్రాడూ ఒక అమ్మాయీ చేతులు పట్టుకుని ప్రపంచం మరిచి నిలబడి ఉన్నారు. "కబురు ఇక్కడే దిగిపోయింది. కదపకండి" అని, ఆ పక్కవాడి నుంచి మళ్ళీ మొదలెట్టించాడు.

ఇవన్నీ చూసి మేం నవ్వుకునేవాళ్ళం. నవ్వనిది డీన్ ఎవారిస్తో గారొక్కరే. మా ఊళ్ళో తిట్టు కూడా జోలపాటలా సాగుతుందంటారు. ఆయన మటుకు జోలపాట కూడా తిట్టినట్టే పాడతాడు.

"తుపాస్, పిల్లలు తప్పు చేస్తే పిల్లల్నే అనాలి. వాళ్ళ మెదడులోని అమిగ్డలాని సస్పెండ్ చేయలేం కదా?"

"చేయగలిగితే ఎంత బాగుండేది డీన్ గారూ! కనీసం పరీక్షల వారమైనా."

సరిగ్గా ఆ పరీక్షల దగ్గరే వచ్చింది గ్లోరివిక్ గొడవ. గిమరాస్ దీవి పిల్ల, సార్ క్లాసులో చదివేది. వాళ్ళ దీవి బడిలో పిల్లల గోడు వినే కౌన్సెలర్ లేదని, తనే ఆ ఉద్యోగం చేయాలని పట్టుదల. తోటివాళ్ళకి పాఠాలు గలగలా చెప్పేది. పెద్దవాళ్ళ ముందు నిలబెడితే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. మా దగ్గర చదువు చివర రెవాలిదా అని నోటి పరీక్ష ఉంటుంది. డీన్ గారూ, సారూ, నేనూ ముగ్గురం వరసగా కూర్చుని అడుగుతాం. పోయినేడు డీన్ గారు అడిగిన దేనికీ పిల్ల నోరు పెగల్లేదు. ఈసారీ తప్పితే కోర్సులోంచి తీసేస్తారు. హాంకాంగ్‌లో ఇంటిపనికి పంపడానికి వాళ్ళ పిన్ని అప్పుడే ఏజెంటుతో మాట్లాడి ఉంచింది.

పరీక్ష ముందు రోజు స్టాఫ్ రూముకొచ్చి బావురుమంది.

"నాకన్నీ వచ్చు సార్. డీన్ గారిని చూస్తే ఒక్కటీ రాదు. నేనుత్త మొద్దుని."

"ఎవరు మొద్దు, ఇందాయ్ తల్లీ? పాఠాలన్నీ నీ హిప్పోకాంపస్ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ బాదంగింజంత అమిగ్డలా భయపడి గుమ్మంలో కూర్చుని మొరుగుతోంది, వాటిని బయటికి రానివ్వడం లేదు. దాని పని నేను పడతా. రేపు మాకు పెట్టే ఫలహారాల సంగతి కూడా నాకొదిలెయ్."

పరీక్ష చేసేవాళ్ళకి పిల్లలే ఫలహారం పెట్టడం మా ఆచారం. మర్నాడు గదిలోకి వెళ్ళి చూద్దును కదా, బల్ల మీద చీమ దూరే సందు లేదు. పాన్సిట్ నూడుల్సు, ఆకుల్లో చుట్టిన సుమాన్ అన్నం పొట్లాలు, మామిడి ముక్కలు. మనాంగ్ పసింగ్ పొడుగాటి గ్లాసుల్లో కొబ్బరినీళ్ళు తెచ్చింది. నీళ్ళకన్నా ఐసే ఎక్కువ. డీన్ గారు గ్లాసు అందుకుని, పెట్టడానికి చోటు వెతికి, దొరక్క చేత్తోనే పట్టుకున్నారు. వెంటనే మా సార్, డీన్ గారి ఊరి ఫియస్టా జాతర గురించి అడిగాడు. ఆ మాటెత్తితే డీన్ గారికి ఒళ్ళు తెలియదు.

ఫియస్టా కబుర్లు అయ్యాక గ్లోరివిక్‌ని పిలిచారు. మొహం పాలిపోయి ఉంది.

"భయం వేసినప్పుడు మన నరాలు ఒంట్లో ఏమేం చేస్తాయి?" అన్నారు డీన్ గారు.

భయంతో బిగుసుకుపోయిన పిల్లని అడగాల్సిన ప్రశ్నేనా అది! పెదాలు కదిలాయి, మాట రాలేదు. డీన్ గారు ఓ సుమాన్ నోట్లో వేసుకుని, మార్కు వేయడానికి కలం అందుకోబోయి, గ్లాసు ఎక్కడ పెట్టాలా అని చూశారు. మా సార్ గబుక్కున దాన్ని అందుకున్నాడు.

"ఒక్క క్షణం డీన్ గారూ. ప్రశ్న నరాల మీద కదా, నరాల గొలుసుతో మొదలెడదాం. చేతులు కలపండి. ఇందాయ్, నువ్వు డీన్ గారి చెయ్యి పట్టుకో."

నోటి నిండా సుమాన్ ఉండడంతో డీన్ గారు కాదనలేకపోయారు. పిల్ల ఆ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని ఉలిక్కిపడింది.

"సార్... మీ చెయ్యి మంచులా ఉంది. తడిగా కూడా..." కళ్ళు పెద్దవయ్యాయి. "మీక్కూడానా సార్?"

"మనిషి సంగతి మనకొద్దు," అన్నాడు మా సార్ చప్పున. "చెయ్యి సంగతి చెప్పు. ఎందుకలా అయింది?"

"అమిగ్డలా ప్రమాదమని గోల పెడుతుంది సార్. నరాలు ఒళ్ళంతా కబురు పంపుతాయి. చేతుల్లో నెత్తురు పెద్ద కండరాల్లోకి పరిగెడుతుంది, అందుకే చెయ్యి చల్లబడుతుంది. అరచేతులకి చెమట పడుతుంది. గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది, అరుగుదల మందగిస్తుంది..." వరద వచ్చినట్టు వచ్చేశాయి పాఠాలు. ఆఖర్న డీన్ గారి చెయ్యి నిమురుతూ, "కంగారు పడకండి సార్. శాంతపరచడానికి వేరే నరాల జట్టు ఉంది. మెల్లగా ఊపిరి వదలండి, తగ్గిపోతుంది" అంది.

డీన్ గారు సుమాన్ మింగారు. "నాకు భయమేంటి? అది గ్లా..."

మా సార్ ఆయన రెండో చెయ్యి గట్టిగా నొక్కాడు. డీన్ గారు పిల్ల మొహంలోకి చూశారు.

"అవునమ్మా," అన్నారు. "ఒక్కోసారి... నాకూ అవుతుంది. బాగా చెప్పావు. పాస్."

పిల్ల ఎగురుకుంటూ వెళ్ళింది. తలుపు పడగానే డీన్ గారు మండిపడ్డారు.

"తుపాస్! నా చెయ్యి చల్లబడింది ఆ గ్లాసు వల్లయ్యా!"

"తెలుసు డీన్ గారూ. ఐసు ఎక్కువ వేయించింది నేనే. మరి ఆ మాట పిల్ల ముందు అనలేదేం?"

డీన్ గారు కలం మూత వెతకసాగారు.

"అది మీ తప్పు కాదులెండి," అన్నాడు మా సార్ ఓదారుస్తూ. "నోటి దాకా వచ్చిన మాటని ఆపే భాగం ఒకటి నుదుటి వెనక ఉంటుంది. మీకు చాలా మంచిది ఉంది. ఇన్నాళ్ళూ దానికి పని చెప్పలేదంతే."

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే నా మొదటి రోజు బిస్కోచో గుర్తొచ్చింది. ఈయన మెదడు మీదికి నెట్టిన తప్పులన్నీ ఎవరో ఒకరి నెత్తి మీంచి దించినవే కదా అనిపించి, ఈ పిచ్చి మనిషి మీద ప్రేమ ముంచుకొచ్చింది.

గ్లోరివిక్ ఇప్పుడు వాళ్ళ దీవి బడిలోనే కౌన్సెలర్. మరుసటి ఏడు రెవాలిదాకి మా సార్ జ్వరంతో రాలేదు. బల్ల మీద ఒక్క పళ్ళెమే ఉంది, చుట్టూ బోలెడంత చోటు. అయినా డీన్ గారు కొబ్బరినీళ్ళలో ఇంకాస్త ఐసు వేయమని మనాంగ్ పసింగ్‌ని కేకేసి, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. ఒక్క చుక్క తాగలేదు. బిక్కమొహంతో మొదటి పిల్లాడు లోపలికి రాగానే, గ్లాసు నా చేతిలో పెట్టి, లేచి వెళ్ళి వాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు.